పరుగువాని జేబులో పుదుచ్చేరి బజారు

సూర్యుడు ఇంకా బంగాళాఖాతం నుండి పైకి రాలేదు. పుదుచ్చేరి తీరవీధిలో, ఎనిమిది రాతి స్తంభాల నడుమ నిలిచిన గాంధీ విగ్రహం చుట్టూ చీకటి మెల్లగా పలచబడుతున్నది. ఒడ్డున పేర్చిన నల్లరాళ్ళపై విరిగే అలల చప్పుడు తప్ప వేరు మోత లేదు. సాయంత్రం ఆరు గంటలు మొదలు మరునాటి ఉదయం ఏడున్నర వరకు ఈ వీధిలోకి వాహనాలను రానివ్వరు. ఆ పదమూడున్నర గంటలూ ఇది కాలినడక వారి రాజ్యం. తెల్లని పంచెలు ఎగగట్టిన వృద్ధులు, చేతులు ఊపుతూ నడిచే గృహిణులు, కుక్కపిల్లల వెంట లాగబడే యువకులు. వీరందరి నడుమ నుండి, మెత్తని బూట్ల సవ్వడితో, చెమటకు ఒంటికి అతుక్కున్న చొక్కాలతో కొందరు పరుగెత్తిపోతూ ఉంటారు.

అట్టివారిలో ఒకడిని గమనించండి. రెండు చుట్లకు ఒకసారి అతడు విగ్రహం వద్ద వేగం తగ్గిస్తాడు. నడుముకు కట్టిన చిన్న సంచీ నుండి ఏదో తీసి నోట వేసుకొని, తొందర లేకుండా నమిలి, ఒక గుక్కెడు నీరు త్రాగి మళ్ళీ పరుగందుకుంటాడు. చూచేవారు పాపం ఆకలి కాబోలు అనుకుంటారు. నిజానికి అతనికి ఆకలి లేదు. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమైపోతుందని ఒకసారి కష్టపడి నేర్చుకున్నవాడు అతడు. ఆ సంచీలో ఏమున్నదన్నది చిన్న ప్రశ్నగా కనిపిస్తుంది. కాని నలభై రెండు కిలోమీటర్ల పరుగు సాంతం సాగుతుందా, దారి మధ్యలో చతికిలబడుతుందా అన్నది చాలా సందర్భాలలో ఆ సంచీయే నిర్ణయిస్తుంది.

దూరపు పరుగుకు పుదుచ్చేరి వింత చోటు. పట్టణం చిన్నది. 1954 నవంబరు 1న ఫ్రెంచివారి చేతి నుండి భారత ప్రభుత్వ పాలనలోకి వచ్చిన ఈ ఊరికి కోడిగుడ్డు ఆకారంలో చుట్టూ ఒక పెద్ద వీధి, నడుమ ఒక కాలువ, కాలువకు తూర్పున ఫ్రెంచి వాడ, పడమట తమిళ వాడ. తీరవీధి నిడివి కిలోమీటరున్నరకు మించదు. ముప్పది కిలోమీటర్లు పరుగెత్తదలచినవాడు 1836 నాటి పాత దీపస్తంభాన్ని, దాని ఎదుటి గాంధీ విగ్రహాన్ని, ఫ్రెంచి సైనికుల స్మారకాన్ని ఇరవై సార్లకు పైగా చూడవలసిందే. విసుగు పుట్టదా అంటే పుడుతుంది. అయితే సాధకునికి ఇందులో ఒక సౌకర్యమున్నది: తినే వస్తువును, నీటి సీసాను ఒకేచోట ఉంచుకొని, ఎంత దూరానికి ఏమి తిన్నాడో, తిన్నది కడుపులో ఎట్లా ప్రవర్తించిందో కచ్చితంగా లెక్క వేసుకోవచ్చు.

ఈ సాధనలో అధికభాగం పట్టణానికి ఉత్తరంగా పది, పన్నెండు కిలోమీటర్ల దూరాన ఉన్న ఆరోవిల్ కోసమే. 1968 ఫిబ్రవరి 28న ఆరంభమైన ఆరోవిల్ చాలావరకు తమిళనాడు నేలపైనే విస్తరించి ఉన్నది. ఆనాడు అది చెట్టూ చేమా కరువైన ఎర్రమట్టి మిట్ట. ప్రతి వానకూ పైమన్ను కొట్టుకుపోయి నేల గండ్లు పడుతూ ఉండేది. దశాబ్దాల పాటు కట్టలు వేసి, నీరు నిలిపి, లక్షలాది మొక్కలు నాటిన ఫలితంగా నేడు అక్కడ అడవి పెరిగినది. ఆ అడవిలోని ఎర్రని కాలిబాటలపై 2008 ఫిబ్రవరిలో తొలి ఆరోవిల్ మారథాన్ జరిగినది. పూర్తి మారథాన్‌తోపాటు సగం దూరం, పది కిలోమీటర్ల పరుగులూ ఉంటాయి. ఇక్కడ గెలిచినవారికి బహుమానం లేదు. పరుగులోని ఆనందమే చాలునన్నది నిర్వాహకుల భావన. బహుమానం లేకపోవడం వల్ల దూరం తగ్గదు గదా. నలభై రెండు కిలోమీటర్ల నూట తొంభై అయిదు మీటర్లు ఎక్కడైనా అంతే, ఎవరికైనా అంతే.

ఆ దూరానికి దేహం చెల్లించే మూల్యం ఎంత? లెక్క సులువైనదే. చదునైన నేలపై పరుగెత్తే మనిషి, తన బరువులోని ప్రతి కిలోకు, ప్రతి కిలోమీటరుకు ఇంచుమించు ఒక కేలరీ శక్తిని ఖర్చు చేస్తాడు. అరవై కిలోల మనిషికి మారథాన్ అంటే సుమారు 2,500 కేలరీలు. కండరాలలోను కాలేయంలోను గ్లైకోజెన్ రూపంలో నిలువ ఉండే పిండిపదార్థం నాలుగైదు వందల గ్రాములు. అది 2,000 కేలరీలకు మించదు. కొవ్వు ఎంత సన్నని మనిషిలోనైనా కావలసినంత ఉన్నది. కాని అది పచ్చికట్టె వంటిది, త్వరగా అంటుకోదు. వేగంగా పరుగెత్తేకొద్దీ దేహం గ్లైకోజెన్‌నే ఎక్కువగా కోరుతుంది. ముప్పది కిలోమీటర్లు దాటిన పిమ్మట ఆ నిలువ అడుగంటుతుంది. అప్పుడు కాళ్ళు మణుగుల బరువెక్కుతాయి, కళ్ళు బైర్లు కమ్ముతాయి, పక్కవాడు పలకరిస్తే జవాబు చెప్పడానికి కూడా తెలివి నిలవదు. ఏ మారథాన్ చివరి పది కిలోమీటర్లలో నిలబడి చూచినా ఇట్లా దారి పక్కన కూలబడినవారు కనిపిస్తారు. వారిలో చాలామందికి లోపించినది ధైర్యం కాదు, కొద్దిపాటి చక్కెర.

ఈ సత్యం తెలియడానికి క్రీడాలోకానికి చాలాకాలం పట్టినది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ ఒలింపిక్ క్రీడలలో మారథాన్ గెలిచిన థామస్ హిక్స్‌కు అతని సహాయకులు దారిలో ఇచ్చినది కోడిగుడ్డు తెల్లసొన, బ్రాందీ, వాటితో కూడా విషపదార్థమైన స్ట్రిక్నిన్. బ్రతికి బయటపడడమే గొప్ప. అదే పందెంలో క్యూబా దేశపు తపాలా ఉద్యోగి ఫెలిక్స్ కార్వజాల్ ఆకలికి తాళలేక దారి పక్కని తోటలో ఆపిల్ పండ్లు తిని, కడుపునొప్పితో కాసేపు పడుకొని, మళ్ళీ లేచి పరుగెత్తి నాలుగవవాడుగా వచ్చాడని చెబుతారు. ఇరవై ఏళ్ళ తరువాత, 1924లో, బోస్టన్ మారథాన్ ముగించినవారి రక్తాన్ని అక్కడి వైద్యులు పరీక్షించారు. బాగా నీరసించినవారి రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉన్నది. మరుసటి సంవత్సరం అదే పందెంలో పాల్గొన్న కొందరికి ముందురోజున పిండిపదార్థాలు ఎక్కువగా పెట్టి, పరుగు మధ్యలో మిఠాయి ముక్కలు తినిపించగా వారి స్థితి స్పష్టంగా మెరుగుపడినది. పరుగు మధ్యలో తీపి తినడానికి తొలి శాస్త్రీయ సమర్థన అదే.

నేటి నిపుణులు చెప్పే మోతాదు గంటకు ముప్పది నుండి అరవై గ్రాముల పిండిపదార్థం. మూడు గంటలకు మించి సాగే శ్రమలో, అలవాటు పడినవారు తొంభై గ్రాముల వరకు తీసుకోగలరు. ఆ పై మోతాదుకు ఒక షరతు ఉన్నది: అది రెండు రకాల చక్కెరల మిశ్రమమై ఉండాలి. గ్లూకోజును ప్రేగులు ఒక ద్వారం గుండా, ఫ్రక్టోజును మరొక ద్వారం గుండా లోనికి తీసుకుంటాయి. ఒకే ద్వారం వద్ద జనం కిక్కిరిసినప్పుడు రెండవది తెరవడం వంటిదే ఇది. మన బెల్లం, ఖర్జూరం, మాగిన అరటిపండు అన్నింటిలోను ఈ రెండు చక్కెరలూ కలిసే ఉంటాయి. ప్రయోగశాలలు తేల్చకముందే బాటసారి మూటలోకి అవి చేరడం చిత్రమే.

ఇక బజారుకు పోదాం. నెహ్రూ వీధి పక్కనున్న గోబేర్ మార్కెట్‌ను ఊరివారు పెద్ద మార్కెట్ అంటారు. పూలదండల వాసన, చేపల వాసన, అప్పుడే విప్పిన అరటి గెలల వాసన కలగలిసిన ఇరుకు సందుల చోటు అది. అరటి వరుసల ముందు నిలబడిన పరుగువానికి మొదటి చిక్కు ఎదురవుతుంది: ఏ పండు? తమిళులు పూవన్ అనే రకం మన కర్పూర చక్కెరకేళి, వారి రస్తాళి మన అమృతపాణి. రెండూ చిన్నవి, గుప్పిటలో ఇమిడేవి. అరవై, డెబ్బది గ్రాముల గుజ్జుగల పండులో పదిహేను గ్రాముల వరకు పిండిపదార్థం ఉంటుంది. కొలతకు ఇంతకంటె వీలైనది లేదు. అయితే దోరపండు కొనడం పొరపాటు. అందులోని పిండి ఇంకా చక్కెరగా మారి ఉండదు, పరుగులో కుదుపుకు గురయ్యే కడుపులో అది నిలిచిపోతుంది. తొక్కపై నల్లచుక్కలు పడిన పండే మేలు. ఇంట్లో పిల్లలు వద్దని పక్కకు నెట్టే పండు ఇక్కడ ఉత్తమ జాతిది. దానికి ఉన్న లోపం ఒక్కటే, సంచీలో నలిగి ముద్ద అవుతుంది.

అరటిపండు తింటే కండరాలు పట్టుకోవని పరుగువారిలో గట్టి నమ్మకం. అరటిలో పొటాషియం ఉన్న మాట నిజం. కాని చెమటలో కోల్పోయేది ప్రధానంగా సోడియం, అది అరటిపండులో దాదాపు శూన్యం. అరటిపండు శక్తినిస్తుంది, ఉప్పు లోటు తీర్చదు. రెండింటినీ ఒకటిగా భావించి మోసపోయినవారు కొల్లలు.

ఖర్జూరం సంగతి వేరు. ఎండు ఖర్జూరపు గుజ్జులో మూడింట రెండు వంతులకు పైగా చక్కెరే. ఒక్కొక్క కాయ అయిదారు గ్రాములు ఇస్తుంది. నలగదు, చెడదు, జేబులో వారమున్నా మారదు. గింజ తీసి ఉంచుకుంటే పరుగులో ఇబ్బంది లేదు. గంటకు రెండు, మూడు వరకు క్షేమం. రుచిగా ఉన్నది గదా అని గుప్పెడు తింటే అందులోని పీచు ప్రేగులను కదిలిస్తుంది, తీరవీధిలో మరుగుదొడ్డి వెదుక్కోవలసిన గతి పడుతుంది. బెల్లం ఇంకా సూటి అయినది. ఉసిరికాయంత ముక్క, అంటే పది గ్రాములు, నోట పెట్టుకుంటే ఇంచుమించు అదంతా చక్కెరే. నమిలే పని లేదు, బుగ్గన పెట్టుకొని కరగనివ్వవచ్చు. నీరు లేకుండా బెల్లం మాత్రం మ్రింగరాదు. అంత చిక్కని తీపి ప్రేగులలోకి పోయినప్పుడు దానిని పలుచన చేయడానికి దేహం తన నీటినే అక్కడికి పంపవలసి వస్తుంది. ఫలితం వికారం, దప్పిక.

బెల్లంతోపాటు వేరుసెనగ కలిసినప్పుడు పుట్టేది తమిళుల కడలై మిఠాయి, మన పల్లీ పట్టు. ఈ ప్రాంతమంతటా కిరాణా కొట్టు సీసాలలో కనబడే వస్తువు. కోవిల్‌పట్టి పల్లీ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. దీనిని చూచినప్పుడు ఒక అమెరికా కథ గుర్తుకు రాక మానదు. బ్రయన్ మాక్స్‌వెల్ అనే కెనడా పరుగువీరుడు 1983లో ఒక మారథాన్‌లో ముందువరుసలో పోతూ ఇరవై ఒకటవ మైలు ప్రాంతంలో శక్తి ఉడిగి వెనుకబడినాడు. ఆ పరాభవం నుండి పుట్టిన ఆలోచనతో, తినడానికి వీలైన గట్టి శక్తి పట్టీని వంటింట్లో ప్రయోగాలు చేసి తయారు చేసి, 1986లో పవర్‌బార్ పేరిట అమ్మకానికి పెట్టాడు. తరువాత అది కోట్ల వ్యాపారమైనది. రంగుకాగితంలో చుట్టిన ఆ పట్టీకి మన కొట్టు సీసాలోని పట్టీ దూరపు చుట్టమే. ఇట్లా అన్నందున అన్నీ మన దగ్గరే ఉన్నాయని జబ్బలు చరచుకోవలసిన పని లేదు. మాక్స్‌వెల్ తన పట్టీలో కొవ్వు బాగా తగ్గించాడు, పల్లీ పట్టులో కొవ్వే నాలుగవ వంతు. కొవ్వు కడుపును ఆలస్యంగా ఖాళీ చేస్తుంది. కనుక ఇరవై గ్రాముల ముక్క ఒకటి, అదీ పరుగు మొదటి గంటలో, నెమ్మదిగా పరుగెత్తేవారికి హాయిగా ఉంటుంది. వేగం కోరేవారు, చివరి గంటలో ఉన్నవారు దాని జోలికి పోకపోవడమే మంచిది. రొప్పుతూ పలుకు నమిలితే అది శ్వాసనాళం వైపు పోయే ప్రమాదం కూడా ఉన్నది. పల్లీలు లేకుండా మరమరాలతోనో అటుకులతోనో కట్టిన బెల్లపు ఉండ దీనికంటె తేలిక. కుచేలుని అటుకుల మూటలో ఇంత వ్యాయామశాస్త్రం ఉన్నదని ఎవరనుకుంటారు!

కాలువ దాటి తూర్పు వాడకు వస్తే రొట్టెల వాసన. ఫ్రెంచివారు వెళ్ళిపోయినా, కర్రలా పొడవుగా, పైన గట్టిగా, లోపల గుల్లగా ఉండే వారి రొట్టె ఊరిలో నిలిచిపోయినది. శ్రీ అరవిందాశ్రమంలోనూ సొంత రొట్టెల బట్టీ ఉన్నది. తెల్లని రొట్టెలో సగం బరువు పిండిపదార్థమే, ఉప్పు కూడా కొంత ఉంటుంది. పరుగుకు రెండు గంటల ముందు, తేనె రాసిన రెండు రొట్టె ముక్కలు, ఒక అరటిపండు చాలామంది కడుపుకు సరిపడే ఉపాహారం. పరుగు మధ్యలో మాత్రం ఆ గట్టి పెచ్చు గొంతుకు అడ్డం పడుతుంది. సముద్రపు తేమగాలిలో చెమట ఆరక, నోరు ఎండిపోయినవానికి పొడి రొట్టె నమలడం ఒక శిక్ష. రొట్టెతో పోలిస్తే ఇడ్లీ మెత్తన, పులిసినది, ఆవిరిపై ఉడికినది, కొవ్వు లేనిది. రెండు ఇడ్లీలలో పదహారు నుండి ఇరవై గ్రాముల పిండిపదార్థం, కొద్దిగా ఉప్పు ఉంటాయి. అందుచేత పరుగుకు ముందు తీసుకొనే తిండిగా దానిదే ఊరిలో అగ్రతాంబూలం. కారప్పొడి, నూనె మాత్రం ఆనాటికి మానుకోవాలి.

పుదుచ్చేరిలోని తెలుగువారి ఇళ్ళలో ఇంకొక ఆకర్షణ ఎదురవుతుంది. గోదావరి పాయ ఒడ్డున కాకినాడకు చేరువగా ఉన్న యానాం ఈ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న రాజధానికి అక్కడివారు ఏదో పనిమీద వస్తూనే ఉంటారు. వస్తూ ఉత్త చేతులతో రారు గదా. కాకినాడ కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు పెట్టెలోంచి బయటపడతాయి. పరుగువాడు ఆశగా చూస్తాడు. కాజాలో పాకం ఉన్నమాట నిజమే, దానితోపాటు వేయించిన నూనె కూడా ఉన్నది. పూతరేకు వినడానికి మహా యోగ్యంగా ఉంటుంది: బియ్యపు పిండితో తీసిన కాగితమంత పలుచని పొర, నడుమ బెల్లపు పొడి. అయితే మధ్యన పూసిన నెయ్యి కడుపుకు బరువు, ఎండిన నోటికి రేకు అంగిట్లో అతుక్కుంటుంది, సంచీలో పొడిపొడి అవుతుంది. ఆ రెండూ ఇంటికి తిరిగి వచ్చిన తరువాత తినవలసినవి. ఆతిథ్యానికి భంగం రాకుండా ఆ మాట చెప్పడం అతనికి పరుగుకంటె కష్టం.

సాయంత్రపు తీరం పెట్టే పరీక్ష మరొకటి. కొబ్బరి కోరు, మామిడి ముక్కలు కలిపిన సుండల్ పొట్లాలు, వేడి మసాలా వడలు, వేయించిన జీడిపప్పు. సెనగలలో మాంసకృత్తులున్నాయి, పీచున్నది, ఆరోగ్యానికి మంచిదే. సరిగ్గా ఆ పీచు వల్లనే పరుగుకు ముందు రాత్రి అది పనికిరాదు. మంచి తిండి వేరు, పరుగు నడిమి తిండి వేరు. నిత్యజీవితంలో వైద్యులు వద్దనే తెల్లని పిండి, తీపి ఆ నాలుగు గంటలకు మిత్రులవుతాయి. వారు తినమనే ముడిధాన్యాలు, పప్పులు ఆ నాలుగు గంటలకు దూరంగా ఉండాలి. మధుమేహం ఉన్నవారు మాత్రం ఈ లెక్కలన్నీ తమ వైద్యునితో కూర్చొని వేసుకోవలసినవే.

ఉప్పు మాట ముందే వచ్చినది. లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది. మనిషిని బట్టి అది సగం కావచ్చు, ఒకటిన్నర రెట్లూ కావచ్చు. పరుగు ముగిశాక టోపీ అంచున తెల్లని చారలు పడేవారు ఎక్కువ ఉప్పు కోల్పోయే జాతి. పుదుచ్చేరిలో ఫిబ్రవరి తెల్లవారుజాము ఇరవై ఒకటి, ఇరవై రెండు డిగ్రీలతో చల్లగానే తోస్తుంది. గాలిలోని తేమ వల్ల చెమట ఆవిరి కాదు, కారుతుంది. అప్పుడు భయపడి వట్టి నీరు కడవల కొద్దీ త్రాగడం ఇంకొక ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తాన్ని పరీక్షించగా నూటికి పదముగ్గురిలో సోడియం ఉండవలసిన దానికంటె తగ్గినట్లు తేలినది. ఆ వివరాలు 2005లో వెలువడినాయి. అతిగా నీరు త్రాగి దారిలో బరువు పెరిగినవారే అందులో ముఖ్యులు. దప్పికకు తగినంత నీరు, ప్రతి గట్టి ముక్కతో రెండు మూడు గుక్కలు, మధ్యమధ్య ఉప్పు. ఇంతకంటె పెద్ద రహస్యం లేదు.

ఉప్పుకు మరొక ఉపయోగం కూడా ఉన్నది. మూడు గంటలు గడిచేసరికి తీపి వెగటు పుడుతుంది. ఉదయం నోరూరించిన బెల్లాన్ని చూస్తేనే డోకు వస్తుంది. మోతాదు ప్రకారం తినవలసినవాడు తినలేక సంచీ మూసేస్తాడు, అరగంట తరువాత కాళ్ళు ఆగిపోతాయి. వందలాది కిలోమీటర్లు పరుగెత్తేవారు ఇందుకు కనుగొన్న ఉపాయం ఉడికించి ఉప్పు అద్దిన బంగాళాదుంప. చిన్న దుంపలు నాలుగు, అంటే వంద గ్రాములు, పదిహేడు నుండి ఇరవై గ్రాముల పిండిపదార్థం ఇస్తాయి. కొవ్వు లేదు, తొక్క తీస్తే పీచు కూడా తక్కువ. పెద్ద మార్కెట్‌లో గోలీలంత దుంపలు ఏరి తెచ్చుకొని, ముందురాత్రి ఉడకబెట్టి, ఉప్పు పట్టించి పెట్టుకుంటే సరి. చూడడానికి ఇది ఘనమైన వంటకం కాదు. ముప్పై రెండవ కిలోమీటరులో మాత్రం దీని రుచి పండుగ భోజనానికి ఉండదు.

ఏమి తినాలో చెప్పడం సులభం, దానిని కడుపు చేత ఒప్పించడం కష్టం. పరుగెత్తే వేళ నెత్తురు కాళ్ళ వైపు, చర్మం వైపు పోతుంది, జీర్ణాశయానికి అందే వాటా బాగా తగ్గిపోతుంది. ఆ కొద్దిపాటి నెత్తురుతోనే అది పని చేయాలి. అదృష్టవశాత్తు కడుపు కూడా కండరం వలె శిక్షణకు లొంగుతుంది. కొన్ని వారాలపాటు పరుగులో తినడం అలవాటు చేస్తే ప్రేగులు చక్కెరను త్వరగా గ్రహించడం నేర్చుకుంటాయని పరిశోధనలు చూపినాయి. అందుకే ఈ తీరవీధి చుట్లు. ఒక ఆదివారం అరటి, మరొక ఆదివారం ఖర్జూరం, ఇంకొక ఆదివారం రెండూ కలిపి. నలభై నిమిషాలకు మొదటి ముక్క, ఆ తరువాత ఇరవై, ముప్పది నిమిషాలకు ఒకటి చొప్పున. ఒక చిన్న అరటిపండు, రెండు ఖర్జూరాలు, ఉసిరికాయంత బెల్లం కలిస్తే ముప్పై అయిదు గ్రాములకు పైమాటే, అది ఒక గంట పద్దు. పక్కవాడికి పడినది తనకు పడాలని లేదు. కొందరికి ఖర్జూరం అమృతం, కొందరికి రెండవ కాయతోనే కడుపులో మెలిక. పందెం నాటి ఉదయం, నిన్నటిదాకా ముట్టని కొత్త వస్తువును ఎవరో ప్రేమతో ఇచ్చారని నోట వేసుకొని, ఆరోవిల్ ఎర్రబాట పక్కన పొదల చాటుకు పరుగు తీసేవారు ఎప్పుడూ ఉంటారు.

తూర్పున వెలుగు పూర్తిగా వచ్చినది. గాంధీ విగ్రహం వద్ద వేగం తగ్గించిన మనిషి ఈసారి మళ్ళీ పరుగందుకోలేదు. ముప్పది కిలోమీటర్లు పూర్తి అయినాయి. గట్టుపై కూర్చొని, బూట్లు వదులు చేసుకొని, నడుము సంచీని తలక్రిందులు చేశాడు. అరటి తొక్కలు మూడు, బెల్లం చుట్టిన ఖాళీ కాగితం, నలిగిన పల్లీ పట్టు పొడి కొంచెం, ముట్టకుండా మిగిలిపోయిన ఖర్జూరాలు నాలుగు. ఇరవై నాలుగవ కిలోమీటరు తరువాత తీపి సహించలేదన్నమాట. ఒక ఖర్జూరం పక్కన నడిచే పెద్దాయనకు ఇచ్చి, మిగిలినవి సంచీలో వేసుకున్నాడు. వచ్చే ఆదివారానికి వాటికి బదులు ఉప్పు దుంపలు. ఏడున్నర అయినది. వీధి చివర అడ్డుగా పెట్టిన కంచెలను పోలీసులు పక్కకు జరుపుతున్నారు. మొదటి స్కూటరు లోపలికి వచ్చేలోగా అతడు లేచి, కాలువకు అవతలి వైపు, ఇడ్లీ దొరికే వీధి దిక్కుగా నడక మొదలుపెట్టాడు.